కొత్త చేపలు వచ్చిన తోవ

రాయ్‌పూర్‌లో శంకర్ నగర్ నుంచి తేలీబాంధా చెరువు గట్టుకు నడిచి వెళ్లొచ్చు. సాయంత్రమైతే సగం ఊరు అక్కడే ఉంటుంది. చాట్ బండ్లు, పిల్లల కేరింతలు, ఎత్తైన స్తంభం మీద జాతీయ జెండా, నీళ్ల మీద రంగు దీపాలు. గట్టుకు రాళ్లు పరిచి, రెయిలింగ్ కట్టి, ముంబయి నుంచి పేరు అరువు తెచ్చి దీన్ని మెరైన్ డ్రైవ్ అంటున్నారు. పాత పేరు మాత్రం చెరువు పుట్టుకను ఇంకా దాచుకునే ఉంది. తేలీలంటే గానుగాడి నూనె తీసేవాళ్లు, మన గాండ్లవాళ్ల వంటివాళ్లు. బాంధా అంటే కట్ట వేసి నిలిపిన నీరు.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఒక లెక్క వినిపిస్తుంది: ఛై ఆగర్ ఛై కోరీ. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, ఆ పైన మరో ఆరు. అంటే 126 చెరువులు. రతన్‌పూర్ లాంటి పాత రాజధానుల గొప్ప చెప్పాల్సి వస్తే, అక్కడ కోట ఎంత పెద్దదో చెప్పరు, చెరువులు ఎన్నో చెబుతారు. కాకతీయుల చెరువుల నీళ్లు తాగి పెరిగిన తెలుగువాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తెలుగువాళ్లు రాయ్‌పూర్‌కు కొత్తవాళ్లు కూడా కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే వచ్చిన రైలు పట్టాలు 1931లో కొండలు దాటి రాయ్‌పూర్ చేరాయి. ఆ దారిన రైల్వే కొలువులకు, తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారానికి, వ్యాపారాలకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ రెండు మూడు తరాలుగా ఉన్నాయి. వాళ్లు ఇక్కడి చేపల బజారులో ముందుగా నేర్చుకున్నది పేర్ల మార్పిడి. ఇక్కడి మాంగుర్ మన మార్పు. సింఘీ అంటే మన ఇంగిలీకం. రోహూ మన శీలావతి, కత్లా మన బొచ్చె. పేర్లు వేరైనా చేప ఒకటే. మహానదిదీ గోదావరిదీ ఒకే రకం సంసారం కాబట్టి చేపలూ చాలావరకు ఒకే కుటుంబం.

ఇప్పుడు ఆ బజారులో రెండు భాషల్లోనూ పాత పేరు లేని చేపలు ఎక్కువయ్యాయి. అవి ఎక్కడివి, ఎవరు తెచ్చారు, ఏ తోవన వచ్చాయి అన్నదే ఈ కథ.

మన చెరువు ఎలాంటిదో ముందు చూడాలి. అది ఏడాది పొడవునా నిండుగా ఉండే సరస్సు కాదు. ఆషాఢంలో నిండుతుంది, మాఘం దాటితే తగ్గుతుంది, చైత్ర వైశాఖాల్లో కొన్నిసార్లు అడుగు కనిపిస్తుంది. అలాంటి నీటిలో బతకడానికి మన చేపలు వేల ఏళ్లు చదువుకున్నాయి. కొర్రమీను, మార్పు, ఇంగిలీకం నీటిలోని ప్రాణవాయువు చాలకపోతే పైకి వచ్చి గాలి పీలుస్తాయి. నీరు ఇంకిపోతే బురదలోకి దిగి తొలకరి కోసం కాచుకుంటాయి. వాన పడి అలుగు పారగానే పరిగెలు, జెల్లలు నీటికి ఎదురెక్కి కాలువల్లోకి, వరిమళ్లలోకి పోతాయి. అక్కడే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరి చేతిలో చూసినా ఊతో, బుట్టో, విసురువలో ఉంటుంది. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న తెలుగువాళ్ల పట్టింపుకీ, ఆ రోజుల్లోనే చేప కదలడానికీ సంబంధం లేదనుకోవడం కష్టం.

ఛత్తీస్‌గఢ్‌లో చెరువు మీద చేయి ధీమర్లది, కేవట్లది. వాళ్లు వల వేస్తారు, అదే నీటి మీద సింఘాడా కాయలు పండిస్తారు. కొల్లేటిలో అదే స్థానం వడ్డీలది. వెదురు పుల్లలతో అల్లిన మావులను నీటిలో నిలబెట్టి, చేప తనంతట తాను లోపలికి వచ్చి తిరిగి పోలేని ఏర్పాటు చేసుకున్నారు. పడవ, మావు, ఓపిక. వందల ఏళ్లు ఆ వృత్తికి పెట్టుబడి అంతే.

శీలావతి, బొచ్చె, ఎర్రమోసుల సంగతి వేరు. అవి నది చేపలు. చెరువులో పెరుగుతాయి గాని నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి. అందుకని పాతకాలంలో వానాకాలం నదిలో కొట్టుకొచ్చే చేపపిల్లలను పట్టి, మట్టి హండీల్లో నీళ్లు పోసి, బెంగాల్ నుంచి రైళ్లలో దేశమంతా పంపేవారు. దారి పొడవునా ఒక మనిషి హండీలో చేయి పెట్టి నీళ్లు కలుపుతూ కూర్చోవాలి. చేయి ఆగితే పిల్లలు చస్తాయి. హావ్‌డా నుంచి ముంబయి వైపు పోయే ప్రధాన మార్గం రాయ్‌పూర్ మీదుగానే వెళుతుంది.

ఆ శ్రమ 1957 జులై 10తో తగ్గడం మొదలైంది. ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి చేప పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, నిలవ నీటిలో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. జులై 10ని నేటికీ జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం. చేపపిల్ల కోసం నది వైపు చూడాల్సిన పని పోయింది. అప్పటిదాకా వేట అయినది సేద్యం కావడం అక్కడ మొదలైంది. సేద్యం అనగానే రకాలు కావాలి. త్వరగా పెరిగేది, ఎక్కువ పిల్లల్ని పెట్టేది, ఏది పడితే అది తినేది. అలాంటి వాటి కోసం దేశం అప్పటికే బయటికి చూస్తోంది.

నిజానికి పరాయి చేపను దించుకోవడం అంతకన్నా పాత అలవాటు. 1900 ప్రాంతంలో ఆంగ్లేయ దొరలు గాలం సరదా కోసం కశ్మీరు వాగుల్లో ట్రౌట్ వదిలారు. నీలగిరుల్లోనూ అదే పని జరిగింది. 1928లో దోమ పిల్లలను తింటుందని గాంబూజియాను తెచ్చారు. వేలెడంత ఉండే ఆ చేపను మలేరియా పేరు చెప్పి ఇప్పటికీ కుంటల్లో, కాలువల్లో వదులుతున్నారు. అది దోమ పిల్లలతోపాటు కప్పపిల్లలనూ ఇతర చేపల గుడ్లనూ తింటుందని ఇతర దేశాల అనుభవం చెబుతున్నా ఈ అలవాటు ఆగలేదు.

1952 ఆగస్టులో తిలాపియా వచ్చింది. ఆఫ్రికాలోని మొజాంబిక్ ప్రాంతపు చేప. సింహళం నుంచి తెచ్చి తమిళనాడు తీరంలోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రం చెరువుల్లో దించారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లే. తిండిగింజలకు ఓడల కోసం ఎదురుచూసే దేశం. చౌకగా మాంసకృత్తులు దొరకాలన్న ఆత్రం నిజాయతీ గలది. తెచ్చినవాళ్లను తప్పుపట్టడం సులువు గాని, ఆ ఆకలిని మరిచిపోయి తప్పుపట్టడం న్యాయం కాదు.

తిలాపియా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాకా భయమేస్తే మళ్లీ తల్లి నోట్లోకే దూరతాయి. రెండు మూడు నెలల వయసుకే ఈనుతుంది, ఏడాదిలో పలుమార్లు ఈనుతుంది. దానికి వరద అక్కర్లేదు, నది అక్కర్లేదు, ఎవరి సూదీ అక్కర్లేదు. కొన్నేళ్లలోనే చెరువు నిండా అరచేతి కన్నా పెరగని తిలాపియాలు. తమిళనాడులోని వైగై, కృష్ణగిరి, అమరావతి జలాశయాల్లో పట్టుబడిలో సింహభాగం అదే అయింది. తెలుగు నేల మీద దానికి జిలేబీ అని తియ్యటి పేరు పెట్టారు. ఆ చేపను ఇక్కడ ఎవరూ వెళ్లగొట్టలేరని అందరికీ అర్థమైన తర్వాత పెట్టిన పేరు అది.

1959లో జపాన్ నుంచి వెండిచేప, హాంకాంగ్ నుంచి గడ్డిచేప కటక్ చేరాయి. అంతకు రెండేళ్ల ముందే బ్యాంకాక్ నుంచి బంగారుతీగ వచ్చింది. మన మూడు రకాలతో ఈ మూడూ కలిపి ఒకే చెరువులో పెంచే పద్ధతి దేశమంతా పాకింది. రైతుకు లాభమూ వచ్చింది. కానీ చెరువు గట్టు వేరు, నది వేరు. 1971 వరదల్లో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక చేపల కేంద్రం నుంచి వెండిచేపలు తప్పించుకుని గోవిందసాగర్ జలాశయంలో పడ్డాయి. తర్వాతి కాలంలో ఆ జలాశయమంతా వాటిదే అయింది, బొచ్చె వెనక్కి తగ్గిపోయింది. రెండూ పైనీటి నాచూ సూక్ష్మజీవాలే తింటాయి. ఒకే విస్తట్లో ఇద్దరు కూర్చుంటే ఆబగా తినేవాడిదే గెలుపు.

ఇదంతా సర్కారు సంతకంతో వచ్చింది. 1990లలో వచ్చినదానికి ఆ సంతకం కూడా లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ బంగ్లాదేశ్ సరిహద్దు దాటి దొంగతనంగా బెంగాల్ చేరింది. ఉత్తరాదిలో, ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని థాయ్ మాంగుర్ అంటారు. దేశి మాంగుర్‌కు అది దగ్గరి చుట్టమే. మన మార్పు అర కిలో తూగడమే గగనం. ఇది మనిషి ఎత్తుకు దగ్గరగా పెరగగలదు. కోళ్ల దుకాణాల వ్యర్థాలు, కబేళా చెత్త, కుళ్లిన మాంసం వేసినా ఆబగా తిని నెలల్లో బరువెక్కుతుంది. గాలి పీలుస్తుంది, తడి నేల మీద పాకుతుంది. చెరువులో ఉన్న చిన్నా పెద్దా చేపలను, కప్పలను మింగుతుంది. భరత్‌పూర్ పక్షుల అభయారణ్యం నీళ్లలో పేరుకుపోయిన వీటిని వేల సంఖ్యలో ఏరి పారేయాల్సి వచ్చింది. అక్కడికి అవి వచ్చింది పక్షుల కోసం పారించిన కాలువ నీటితోనే.

కేంద్ర ప్రభుత్వం 1997లోనే దీన్ని పెంచకూడదంది, ఉన్నవాటిని నాశనం చేయమంది. ఇరవై ఏళ్లు దాటాక, 2019లో, జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే మాటను మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ థాయ్ మాంగుర్, మరో పరాయి చేప బిగ్‌హెడ్ కార్పు నిషేధిత జాబితాలో ఉన్నాయి. తెలుగు పత్రికల జిల్లా పేజీలు తిరగేసేవాళ్లకు ఆ తర్వాతి కథ తెలుసు. ఊరికి దూరంగా, మామిడి తోటల చాటున, కోళ్ల వ్యర్థాల కంపుతో బయటపడే చెరువులు. అధికారులు వెళ్లి గండి కొట్టిస్తారు, గుంతలు తీసి పూడుస్తారు. కొన్నాళ్లకు మరో మండలంలో అదే వార్త. బజారులో మాత్రం అది దేశి మాంగుర్ పేరుతో తేలుతుంది. పాత పేరును కూడా కొత్త చేప మింగేసిందన్న మాట. మార్పు పులుసు రుచి తెలియని తరానికి ఈ మోసం ఎలా తెలుస్తుంది?

ఇలాంటి పోరాటమే మరో ఖండంలో ఇంకోలా నడిచింది. అమెరికా, కెనడాల మధ్య అయిదు మహా సరస్సులున్నాయి: సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో. ఇవాళ డెట్రాయిట్, షికాగో, టొరంటో నగరాల్లో వేల తెలుగు కుటుంబాలు వాటి ఒడ్డునో ఆ చుట్టుపక్కలో బతుకుతున్నాయి. ఆ సరస్సుల చల్లటి లోతుల్లో రాజ్యమేలిన చేప లేక్ ట్రౌట్. నిదానంగా పెరుగుతుంది, ఆరేడేళ్లు దాటితే గాని ఈనదు, దశాబ్దాలు బతుకుతుంది. అక్కడి ఆదివాసులు, తర్వాత యూరప్ నుంచి వలస వచ్చిన జాలరులు దాని మీదే ఊళ్లు కట్టుకున్నారు. పై సరస్సుల్లో ఏటా సుమారు 68 లక్షల కిలోలు పట్టేవారు.

అట్లాంటిక్ సముద్రంలో లాంప్రే అనే జీవి ఉంది. చూడ్డానికి మలుగుపాములా ఉంటుంది. దవడలు లేవు, పొలుసులు లేవు, ఎముక లేదు. నోరు గుండ్రటి గిన్నెలా ఉండి, లోపల వలయాలుగా పళ్లు, మధ్యలో రంపంలాంటి నాలుక. పెద్ద చేపకు జలగలా అంటుకుని, చర్మం తొలిచి రక్తం పీలుస్తుంది. సముద్రంలో దాని ఆతిథ్యం భరించగల భారీ చేపలున్నాయి, వేల ఏళ్ల పరిచయం ఉంది. ఒంటారియో కాక మిగతా సరస్సులకూ సముద్రానికీ మధ్య నయాగరా జలపాతం గోడలా నిలబడినంత కాలం లోపలి ట్రౌట్‌కు ఆ జీవి సంగతే తెలియదు.

ఓడలు ఆ గోడను దాటాలనుకున్నాయి. 1829లో వెలాండ్ కాలువ తెరిచారు. 1919 ప్రాంతంలో దాన్ని బాగుచేసి వెడల్పు చేశారు. 1921లో లాంప్రే ఈరీ సరస్సులో కనిపించింది. 1936లో మిషిగన్, 1937లో హ్యూరన్, 1938లో సుపీరియర్. పదిహేడేళ్లలో ఇల్లంతా దానిదే. ఒక్కో లాంప్రే తన జీవితంలో 18 కిలోల దాకా చేపను చంపగలదు. ఒక్కో ఆడ లాంప్రే లక్ష దాకా గుడ్లు పెడుతుంది. 1960ల తొలినాళ్లకు ట్రౌట్ పట్టుబడి 1.36 లక్షల కిలోలకు పడిపోయింది. అంటే వందకు రెండు. జాలరులు పడవలు అమ్ముకున్నారు. వలలకు చిక్కిన చేపల ఒంటి మీద కూడా గుండ్రటి గాయాల మచ్చలే.

ట్రౌట్ పోయాక దాని ఎర అయిన చిన్న చేప ఏల్‌వైఫ్ విజృంభించింది. అదీ సముద్రం నుంచి వచ్చినదే. 1967లో మిషిగన్ సరస్సు ఒడ్డున అవి గుట్టలు గుట్టలుగా చచ్చి కుళ్లాయి. వాటిని తినడానికి అంతకు ముందు ఏడాదే పసిఫిక్ సాల్మన్‌ను తెచ్చి వదిలారు. ఒక పరాయి చేప చేసిన ఖాళీలోకి ఇంకొకటి, దాన్ని తినడానికి మరొకటి.

అక్కడ తర్వాత జరిగిందే మనవాళ్లు శ్రద్ధగా చదవాల్సిన భాగం. 1954లో రెండు దేశాలు ఒప్పందం రాసుకుని, సరస్సుల మత్స్య సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. లాంప్రేను అదుపు చేయడం దాని ముఖ్య విధుల్లో ఒకటి. మిషిగన్ రాష్ట్రంలోని హామండ్ బే కేంద్రంలో వెర్నన్ ఆపిల్‌గేట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ జీవి బతుకును మొదటి నుంచీ చదివారు. లాంప్రే పిల్ల పుట్టాక కొన్నేళ్లు వాగు అడుగు బురదలో గుడ్డిపురుగులా దాక్కుంటుంది. దొరకబుచ్చుకోవాలంటే అక్కడే దొరకబుచ్చుకోవాలి. సుమారు ఆరు వేల రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. గాజు జాడీలో లాంప్రే పిల్లలను, ట్రౌట్ పిల్లలను కలిపి వేసి, మందు చుక్క వేసి, ఏది చస్తుందో ఏది బతుకుతుందో చూడటమే పని. లాంప్రేను చంపి ట్రౌట్‌ను వదిలేసే మందు చివరికి దొరికింది. దాని పొట్టి పేరు టీఎఫ్ఎం. 1958 నుంచి వాగుల్లో వాడటం మొదలుపెట్టారు. అడ్డుకట్టలు కట్టారు, బోనులు పెట్టారు, మగవాటిని గొడ్డువి చేసి వదిలారు. లాంప్రేలు వందకు తొంభై వంతులు తగ్గాయి. 2024లో సుపీరియర్ సరస్సులో అత్యధిక భాగంలో ట్రౌట్ పూర్తిగా కోలుకుందని ప్రకటించారు.

అయినా పని ఆగలేదు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల వాగుల్లో మందు వేయడం తగ్గితే, వెంటనే లాంప్రేలు మళ్లీ పెరిగాయి. అంటే ఆ తొంభై వంతుల విజయం ఏటా కొత్తగా కొనుక్కోవాల్సినది. అదే లాంప్రే యూరప్‌లో రాజుల విందు వంటకం కావడం ఇంకో విచిత్రం. ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్ పట్టణం రాజకుటుంబానికి లాంప్రే పై వండి పంపే ఆనవాయితీ ఉంది. అక్కడి నదిలో అవి అరుదైపోయి, 2012లో ఎలిజబెత్ రాణి వజ్రోత్సవానికి అమెరికా సరస్సుల నుంచి తెప్పించుకున్నారు. ఒకచోట కాపాడాల్సిన ప్రాణి మరోచోట తరమాల్సిన ప్రాణి. తప్పు జీవిది కాదు, అది ఉన్న చోటుది.

మళ్లీ మన వైపు వద్దాం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉండే కొల్లేరు కథలో లాంప్రే లాంటి ఒక్క విలన్ లేడు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1970ల నడుమ, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, పేద మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టి సరస్సులోనే గట్లు వేసి చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం వాళ్ల కడుపు నింపడం. పదేళ్లు తిరక్కుండా చేపల చెరువు లాభం పెట్టుబడిదారులకు తెలిసింది. లీజులు చేతులు మారాయి. మావు పెట్టినవాడు చెరువు గట్టు మీద కూలీ అయ్యాడు. 1999లో అయిదో అడుగు కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రొక్లెయిన్లు దిగి గట్లు తెగగొట్టాయి. ఆటపాక దగ్గర గూడబాతులు కొంత ఊపిరి పీల్చుకున్నాయి. గుర్రపుడెక్క మాత్రం కదల్లేదు. దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చుకున్న మొక్క అది.

కొల్లేటి చుట్టూ వెలిసిన ఆ చెరువుల పరిశ్రమే ఆంధ్రప్రదేశ్‌ను లోతట్టు చేపల ఉత్పత్తిలో దేశానికి మొదటి స్థానంలో నిలబెట్టింది. ఐసు పెట్టెల్లో సర్దిన చేప లారీలెక్కి బెంగాల్, అసోం దాకా పోతోంది. ఆ పెట్టెల్లో మొదట శీలావతి, బొచ్చె ఉండేవి. తర్వాత పంగస్ చేరింది. అది థాయ్‌లాండ్ చేప, 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా వచ్చింది. తర్వాత రూప్‌చంద్. అమెజాన్ నది పాకూకు మన వ్యాపారం పెట్టిన ముద్దు పేరు అది. పెంచే రైతుకు ఇవి గడ్డు రోజుల్లో చేతికందిన రొక్కం. చేప తినే పేదవాడికి చవక. ఇది కాదని ఎవరూ అనలేరు. అడగాల్సింది ఒక్కటే: గట్టు తెగిన రోజున వీటి లెక్క ఎవరి దగ్గర ఉంది? కొల్లేటి చుట్టూ గట్లు తెగని దశాబ్దం లేదు.

చివరగా వచ్చిన చేప ఎవరి పళ్లెంలోకీ రాదు. ఇంట్లో గాజు తొట్టికి నాచు పట్టకుండా ఉంటుందని దుకాణంవాళ్లు అంటగట్టే సక్కర్ చేప అది. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగా గాజుకు మూతి అంటించి కూర్చుంటుంది. అడుగున్నర పెరిగేసరికి తొట్టి చాలదు, చంపడానికి మనసొప్పదు. సంచిలో వేసుకుని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. పుణ్యం అనుకుని చేసే పని. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేపకు ఒళ్లంతా గట్టి పెంకు, రెక్కలకు ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్టు గుల్లవుతుంది. అడుగున ఉన్న నాచుతోపాటు ఇతర చేపల గుడ్లనూ నాకేస్తుంది. నీళ్లు లేకుండా గంటల తరబడి బతుకుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. మెక్సికోలోని ఇన్‌ఫియెర్నియో జలాశయంలో తిలాపియా వేట మీద బతికిన ఊళ్లు ఈ చేప పెరిగాక కుదేలయ్యాయి. ఒకప్పుడు అక్కడి సొంత చేపల చోటును ఆక్రమించిన తిలాపియా చోటును ఇది ఆక్రమించింది.

లాంప్రేకు కాలువ ఒక్కటే దారి. దెయ్యం చేపకు శంకర్ నగర్‌లో, బెజవాడలో, హైదరాబాద్‌లో అక్వేరియం ఉన్న ప్రతి ఇల్లూ దారే. అమెరికా, కెనడాల మహా సరస్సుల ఒడ్డున లాంప్రేను ఎదుర్కోవడమే ఉద్యోగంగా జీతం తీసుకునే మనుషులున్నారు. పొద్దున్నే లేచి ఏ వాగులో ఎన్ని పిల్లలున్నాయో లెక్క రాసుకోవడం వాళ్ల దినచర్య. మనకు జీవోలున్నాయి, ట్రిబ్యునల్ తీర్పులున్నాయి, పట్టుకున్న రోజున ఫొటోలున్నాయి. ఆ లెక్క రాసే మనిషి లేడు. ధీమర్ల, వడ్డీల, బెస్తల వలలో ఏటా ఏ చేప ఎంత పడుతోందో ఎవరైనా అడిగి పుస్తకంలో రాసి ఉంటే, మార్పు ఏ ఏడు తగ్గడం మొదలైందో ఇవాళ మనకు తెలిసేది. తెలంగాణ కొర్రమీనును రాష్ట్ర చేపగా గౌరవించుకుంది, బిహార్ దేశి మాంగుర్‌ను అలాగే ఎంచుకుంది. ఆ గౌరవానికి తోడు ఒక లెక్కల పుస్తకం కూడా కావాలి.

ఆ లెక్కకు ఒక మొదలు హైదరాబాద్‌లో పడింది. అక్కడి జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో జి.ఉమాపతి బృందం వల లేకుండా చేపను పట్టే పద్ధతి తయారు చేసింది. చేప ఏదైనా నీటిలో తన ఒంటి పొట్టు, జిగురు, మలం వదులుతుంది. వాటిలో దాని డీఎన్ఏ ఉంటుంది. కాసిని చెరువు నీళ్లు తెచ్చి వడపోసి చూస్తే అందులో సక్కర్ చేప ఉందో లేదో తెలిసిపోతుంది. అలా తూర్పు కనుమల జలాశయాలను పరీక్షిస్తే, చూసినవాటిలో నూటికి అరవై చోట్ల దాని జాడ బయటపడింది.

వల వేయకుండా నీటిని చదవడం చెరువు మనుషులకు కొత్త విద్య కాదు. నిలకడ నీటి మీద లేచే బుడగ చూసి, కింద ఊపిరి వదిలింది కొర్రమీనా, మార్పా అని చెప్పగల పెద్దలు మహానది చెరువుల దగ్గరా, కొల్లేటి లంకల్లోనూ ఇంకా ఉన్నారు. బుడగ తీరు బట్టి చేపను, అది కదిలిన దిక్కును పట్టి, ఊతను ఎక్కడ దించాలో వాళ్లు నిర్ణయిస్తారు. తేలీబాంధా గట్టు మీద దీపాలు వెలిగాక రెయిలింగ్‌కు ఆనుకుని కాసేపు చూస్తే, అక్కడా నీటి మీద బుడగలు లేస్తూనే ఉంటాయి.